నడక నేర్చిన పిల్లలకు చదివి వినిపించడానికి పుస్తకాలు ఎలా ఎంచుకోవాలి?

ఏడాది దాటి మూడేళ్లు నిండని పిల్లలకు పుస్తకం తీసుకోబోతే మన చూపు ముందు అట్ట మీది బొమ్మ మీద పడుతుంది, ఆ తర్వాత వెనకవైపు వేసిన వయసు అంకె మీద. రెండింటినీ మరీ అంతగా నమ్మకండి. ఈ వయసువాళ్లు చదవరు, వింటారు. చదివేది మీరు. అందుకని పుస్తకం ముందు మీ నోటికి ఎక్కాలి, తర్వాత వాళ్ల వేలికి పని కల్పించాలి. మిగతా సంగతులన్నీ ఈ రెండింటి తర్వాతే.

మాటలే సరిగా రానివాళ్లకు చదవడం దేనికని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. పసితనం నుంచే బిగ్గరగా చదివి వినిపించమని తల్లిదండ్రులకు చెప్పాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2014లోనే పిల్లల వైద్యులకు సూచించింది. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో బొమ్మల పుస్తకాల్లోని మాటలనూ, పెద్దలు పిల్లలతో మామూలుగా మాట్లాడే మాటలనూ పక్కపక్కన పెట్టి చూస్తే పుస్తకాల్లోనే రకరకాల మాటలు ఎక్కువగా తేలాయి. ఇందులో వింతేమీ లేదు. రోజంతా పిల్లలతో మన మాటలు తినడం, పడుకోవడం, చేతులు కడుక్కోవడం, ‘అది ముట్టుకోకు’ చుట్టూనే తిరుగుతాయి. తిమింగలం, గొంగళిపురుగు, వంతెన, తుఫాను లాంటివి ఎవరో పుస్తకం తెరిస్తే తప్ప ఇంట్లోకి రావు.

1. ముందు మీ పిల్లలు ఏం చేయగలుగుతున్నారో చూడండి

‘1-3 ఏళ్లు’ అని వేసిన పుస్తకం నిజానికి ముగ్గురు వేర్వేరు పాఠకుల్ని ఒకే గాటన కట్టేసినట్టు. పద్నాలుగు నెలల పాపకూ రెండున్నరేళ్ల పాపకూ పొంతనే ఉండదు. అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ 2022లో సవరించిన ఎదుగుదల మైలురాళ్ల పట్టిక ఇక్కడ అక్కరకొస్తుంది. నూటికి 75 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పిల్లలు ఏ వయసుకు ఏ పని చేస్తారో అందులో ఉంటుంది. దాని ప్రకారం 18 నెలలకు మీతో కలిసి పుస్తకంలో కొన్ని పేజీలు చూస్తారు. కొన్ని పేజీలే, పుస్తకమంతా కాదు. రెండేళ్లకు ‘ఎలుగుబంటి ఏది?’ అని అడిగితే బొమ్మను వేలితో చూపిస్తారు. 30 నెలలకు మీరు చదువుతుంటే పేజీలు ఒక్కొక్కటిగా తిప్పుతారు.

ఏడాదిన్నర లోపు అయితే మందపాటి అట్ట పేజీల పుస్తకాలు, అంటే బోర్డ్ బుక్స్ తీసుకోండి. పేజీకి ఒక్క బొమ్మ, ఒకటి రెండు మాటలు చాలు. పుస్తకం పది పన్నెండు పేజీలు దాటకపోయినా ఏ లోటూ లేదు. నాలుగు పేజీలు కలిపి తిప్పేసినా, చివరి పేజీ నుంచి మొదలుపెట్టినా కథ తెగిపోని పుస్తకం ఈ వయసుకు సరైనది. అసలు కథే లేకపోతే ఇంకా మంచిది.

ఏడాదిన్నర నుంచి రెండున్నర వరకు ‘ఏది? ఎక్కడ? ఎవరు?’ అని అడగడానికి వీలున్నవి వెతకండి. చిన్న చిన్న పనులు వరసగా జరిగే పుస్తకాలు కూడా ఇప్పుడు పట్టుబడతాయి: లేచింది, స్నానం చేసింది, బయటికి వెళ్లింది, నిద్రపోయింది. రెండున్నర దాటాక ఒక చిన్న చిక్కు వచ్చి, అది తీరిపోయే కథ వినగలరు. ఏదో పోతుంది, వెతుకుతారు, దొరుకుతుంది. అంతకు మించి మలుపులు అక్కర్లేదు. మామూలు కాగితపు పేజీల పుస్తకాలకూ ఇదే అదను. ఆ రకం బొమ్మల పుస్తకాలు చాలావరకు 32 పేజీలుంటాయి. రెండేళ్ల పిల్లలకు అది ఒక్కోసారి ఎక్కువే.

2. నాలుగు పేజీలు పైకి చదివి చూడండి

చాలామంది చేయని పని ఇదే. పుస్తకాన్ని కళ్లతో తిరగేసి, బొమ్మలు బాగున్నాయనుకుని తీసేసుకుంటారు. ఇంటికి తెచ్చాక మొదటి పేజీలోనే నాలుక మడతపడుతుంది. కొట్లోనైనా, గ్రంథాలయంలోనైనా ఓ పక్కకు వెళ్లి నాలుగు పేజీలు పైకి చదవండి. సిగ్గనిపిస్తే గొణుక్కోండి, అయినా తేలిపోతుంది.

ఏం వినాలి? మొదటిది ఊపిరి. ఒక వాక్యం ఒక్క ఊపిరిలో అయిపోవాలి. మధ్యలో ఆగి మళ్లీ వెనక్కి వెళ్లాల్సి వచ్చిందంటే ఆ వాక్యం చదవడానికి రాసింది, వినిపించడానికి రాసింది కాదు. రెండోది మాట తీరు. ‘కుక్కపిల్ల పరిగెత్తింది’ అనాల్సిన చోట ‘శునకము వేగముగా పరుగిడెను’ అని ఉంటే పక్కన పెట్టేయండి. పాత మాటలు చెడ్డవని కాదు, కానీ రెండేళ్ల బుడతకు ఇంట్లో వినిపించే వాక్యపు నడకే ఆధారం. కొత్త మాట ఒకటి ఆ నడక మీద ఎక్కి వస్తే పట్టుకుంటారు. అన్నీ కొత్తవైతే ఒక్కటీ చిక్కదు.

మూడోది, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది, చప్పుడు. తెలుగులో చప్పుళ్లకు కొదవ లేదు. వాన టపటపా కురుస్తుంది, కప్ప బెకబెకమంటుంది, రాయి బుడుంగున మునుగుతుంది, పాము జరజరా పాకుతుంది, పిల్లాడు బుడిబుడి అడుగులేస్తాడు. ఈ మాటల్ని చదవక్కర్లేదు, ఆడొచ్చు. పిల్లలు పుస్తకంలోంచి మొదట పట్టుకుని తిరిగి అనేవి కూడా చాలాసార్లు ఇవే, ఎందుకంటే అర్థం తెలియకపోయినా అనొచ్చు. పేజీకొక చప్పుడున్న పుస్తకం కనిపిస్తే పెద్దగా ఆలోచించకుండా తీసుకోండి.

నాలుగోది పల్లవిలా మళ్లీ మళ్లీ వచ్చే వాక్యం. ప్రతి రెండు పేజీలకోసారి ‘ఇక్కడా లేదే! మరెక్కడుంది?’ లాంటిది వస్తుంటే మూడోసారి చదివేసరికి పిల్లలు తోక అందుకుంటారు. మీరు ‘ఇక్కడా...’ అని ఆగితే ‘లేదే!’ అని వాళ్లే అనేస్తారు. కథంతా అర్థం కానక్కర్లేదు, ఆ చోటు తమదని వాళ్లకు తెలిసిపోతుంది.

వేరే భాష నుంచి వచ్చిన పుస్తకాలతో కాస్త జాగ్రత్త. మూలంలో ప్రాసతో పరుగెత్తిన పాట తెలుగులోకి వచ్చేసరికి ప్రాస పోయి వాక్యాలు కర్రల్లా బిగుసుకుపోతుంటాయి. బొమ్మలు మాత్రం అద్భుతంగా ఉంటాయి. అలాంటప్పుడు పుస్తకాన్ని వదులుకోనక్కర్లేదు. అచ్చులో ఉన్నది చదవడం మానేసి, బొమ్మ చూస్తూ మీ మాటల్లో చెప్పేయండి. రెండేళ్లవాళ్లు అక్షరాలతో సరిచూసుకోరు. కాకపోతే ప్రతిసారీ ఒకేలా చెప్పడం మంచిది, వాళ్లు గుర్తుపెట్టుకునేది దాన్నే.

భాష సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. ఇంట్లో రెండు భాషలుంటే ఏ భాషలో పుస్తకాలు కొనాలని కొందరు మథనపడతారు. చదివేవాళ్లకు ఏ భాషలో నవ్వొస్తుందో, ఏ భాషలో గొంతు మార్చడం చేతనవుతుందో ఆ భాషలో. అమ్మ ఒక భాషలో, తాత ఒక భాషలో చదివినా ఇబ్బంది లేదు. బలవంతంగా రాని భాషలో చదివితే గొంతు చప్పబడుతుంది, పిల్లలు దిగి వెళ్లిపోతారు.

3. బొమ్మలో వేలు పెట్టే చోటుందా?

పుస్తకాన్ని చేయి చాచినంత దూరంలో పట్టుకుని చూడండి. ఆ పేజీలో ఉన్నది ఏమిటో వెంటనే తెలిసిపోవాలి. వెనక నేపథ్యంలో కలిసిపోయిన బొమ్మలు, అన్నీ ఒకే లేతరంగులో ఉన్నవి పెద్దవాళ్ల కంటికి హాయిగా ఉంటాయి. పిల్లలు మాత్రం దేన్ని చూపించాలో తోచక పేజీ తిప్పేస్తారు. ఇక మాట, బొమ్మ ఒకే పేజీలో కలవాలి. ‘ఏనుగు నీళ్లు చల్లింది’ అని ఈ పేజీలో ఉండి, చల్లే బొమ్మ తర్వాతి పేజీలో ఉంటే ఆ మాట గాల్లో కలిసిపోయినట్టే.

మరీ చిన్నవాళ్లకు ఫొటోలున్న పుస్తకాలు ఒకటి రెండైనా ఉంచండి. 15, 18 నెలల పిల్లల మీద చేసిన ఒక పరిశోధన 2008లో వచ్చింది. పుస్తకంలో బొమ్మ చూసి నేర్చుకున్న పేరును బయట అసలు వస్తువుకు అన్వయించడం, ఆ బొమ్మ అసలుకు దగ్గరగా ఉన్నప్పుడే పిల్లలకు సులువైందని అందులో తేలింది. గుండ్రటి నీలం ముద్దకు రెండు కళ్లు పెట్టి పిల్లి అంటే మనకు ముద్దొస్తుంది. పిల్లిని ఇప్పుడిప్పుడే గుర్తుపడుతున్న బిడ్డకు అది పిల్లి కాదు. రెండేళ్లు దాటాక ఈ పట్టింపు అక్కర్లేదు. అప్పటికి చొక్కా వేసుకున్న ఎలుగుబంటి కూడా వాళ్లకు నవ్వు తెప్పిస్తుంది.

రెండున్నర దగ్గరికొచ్చాక పేజీ నిండా మనుషులు, బండ్లు, జంతువులు కిక్కిరిసిన పుస్తకం ఒకటి ఉండాలి. అందులో చదవడానికేమీ ఉండదు, వెతకడమే. ‘ఎర్ర గొడుగు ఎక్కడ?’ అంటే పది నిమిషాలు గడిచిపోతాయి. ఆ వయసులో పది నిమిషాలు ఒకచోట కూర్చోవడం ఎంత పెద్ద సంగతో వాళ్లతో రోజంతా గడిపేవాళ్లకు తెలుసు.

తెరిస్తే కింద ఇంకో బొమ్మ కనిపించే రేకులు, పైకి లేచే బొమ్మలు, తడిమి చూసే బొచ్చుముక్కలు ఉన్న పుస్తకాలంటే పిల్లలు ఎగబడతారు. ఉండనివ్వండి, కానీ అవే ఎక్కువ కాకూడదు. 2010లో అచ్చయిన ఒక అధ్యయనంలో పైకి లేచే బొమ్మల పుస్తకంతో కన్నా మామూలు బొమ్మల పుస్తకంతోనే పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు. కారణం కనిపెట్టడం కష్టం కాదు, చేతులకు లాగే పని దొరికాక చెవులు మూసుకుపోతాయి. రేకు కింద దాగినదానికీ మీరు చదివే వాక్యానికీ సంబంధం ఉంటే ఈ చిక్కు తగ్గుతుంది. ‘పిల్లి ఎక్కడ దాక్కుంది?’ అని అడిగి, రేకు ఎత్తితే పిల్లి కనిపించాలి. ఊరికే ఎత్తడానికి పెట్టిన రేకు నాలుగు రోజుల్లో చిరిగిపోతుంది, దాంతో పుస్తకం పని కూడా అయిపోతుంది.

మీట నొక్కితే పాట వచ్చే పుస్తకాలను నేనైతే పుస్తకాల లెక్కలో వేయను. అవి ఆటబొమ్మలు. మీరు చదువుతుంటే మీ గొంతుకు అడ్డొస్తాయి. ట్యాబ్‌లో చదివే పుస్తకాలదీ ఇంచుమించు ఇదే కథ. 2019లో తల్లిదండ్రుల్ని, చిన్నపిల్లల్ని కలిపి కూర్చోబెట్టి గమనించినప్పుడు, అచ్చుపుస్తకం పట్టుకున్నప్పటికన్నా తెర ముందు కథ గురించిన మాటలు తగ్గాయి.

4. తయారీ చూడండి

ఇది త్వరగా అయిపోయే పని. మూలలు గుండ్రంగా ఉండాలి. అట్ట పేజీ అంచు పొరలు పొరలుగా విడిపోతుంటే వద్దు, అది నేరుగా నోట్లోకి వెళ్తుంది. తడిగుడ్డతో తుడిస్తే తట్టుకోవాలి. పుస్తకాన్ని నేల మీద తెరిచి పెడితే తనంతట తాను మూసుకుపోకుండా ఉంటే చదివేవాళ్ల చేతికి సుఖం.

ఊడివచ్చే గుండీలు, కళ్లు, పూసలు ఉన్నవి ముట్టుకోవద్దు. మూడేళ్ల లోపు పిల్లల వస్తువులకు అమెరికా భద్రతా నియమాల్లో ఒక పరీక్ష గొట్టం వాడతారు. దాని వ్యాసం 3.17 సెంటీమీటర్లు. అందులో పూర్తిగా ఇమిడిపోయే ముక్క ఏదైనా గొంతుకు అడ్డం పడగలదని లెక్క. పాటలు పాడే పుస్తకం ఎవరైనా బహుమతిగా ఇస్తే వెనక బ్యాటరీ మూత చూడండి. స్క్రూతో బిగించి లేకపోతే ఇంట్లో ఉంచకండి. బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. మింగారని అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

5. కథ దేని గురించి?

పెద్దవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మనకు నీతికథ కావాలి. అబద్ధం ఆడకూడదు, పంచుకోవాలి, పెద్దల మాట వినాలి. రెండేళ్ల పిల్లలకు ఇవి కావాలని లేదు. చివర్లో వచ్చే నీతి అర్థం కావాలంటే మొదట్లో జరిగింది గుర్తుండాలి, దాని ఫలితం తెలియాలి, అది తనకూ వర్తిస్తుందని తట్టాలి. అంత దూరం ఇంకా నడవలేరు. నీతికథలు ఎక్కడికీ పోవు, నాలుగైదేళ్లకు తీసుకోండి.

వాళ్లకు కావలసింది తమ రోజు తాము చూసుకోవడం. చెప్పులు వేసుకోవడం, స్నానం, దీపం ఆర్పడం, చందమామ, వాన, కుక్క, పెద్ద పెద్ద బండ్లు, దాక్కోవడం, దొరకడం. ‘నాకూ ఇలాగే’ అనిపించే పేజీ దగ్గర ఆగిపోతారు. ఇంట్లో ఏదైనా కొత్తది జరగబోతుంటే, అంటే తమ్ముడో చెల్లెలో పుట్టబోతున్నా, ఇల్లు మారుతున్నా, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి ఉన్నా, ఆ విషయం మీద ఒక పుస్తకం కొన్ని వారాల ముందే తెచ్చి చదవడం మొదలుపెట్టండి.

నవ్వు ఎలా ఉంటుందో కూడా తెలిసి ఉండాలి. ఈ వయసు హాస్యమంతా తప్పులోనే ఉంది. చెప్పు నెత్తిన పెట్టుకున్న మనిషి, మియావ్‌మనే ఆవు, తలకిందులుగా పడుకున్న గుర్రం. ఏది సరైనదో వాళ్లకు ఈమధ్యే తెలిసింది కాబట్టి తప్పు చూసి పగలబడి నవ్వుతారు. ‘ఆవు మియావ్ అంటుందా?’ అని మీరు అమాయకంగా అడిగితే సరిదిద్దే అవకాశం వాళ్లకు దొరుకుతుంది, రోజంతా పెద్దవాళ్లు తమను సరిదిద్దుతుంటే ఇది వాళ్ల వంతు.

అక్షరాలు, అంకెల పుస్తకాలు ఉంటే ఉండనివ్వండి. ‘అ అంటే అమ్మ’ అని నేర్పే పనికి కాకుండా, అమ్మ బొమ్మ చూపించి మాట్లాడే పనికి వాడండి. అక్షరాలకు ఇంకా టైముంది.

6. కొనే ముందు అరువు తెచ్చుకోండి, ఎంపిక వాళ్లకూ వదలండి

గ్రంథాలయం అందుబాటులో ఉంటే ముందు అక్కడి నుంచే. లేకపోతే కాస్త పెద్ద పిల్లలున్న ఇళ్ల నుంచి అడగండి, మూడేళ్లు దాటినవాళ్ల ఇంట్లో ఇవన్నీ మూలన పడి ఉంటాయి. అరువు పుస్తకాన్ని రెండు మూడు రోజులు చదివి, వాళ్లు పట్టుకుని వదలకపోతే అదే పుస్తకం కొనండి. ఈ పద్ధతిలో తక్కువ కొంటారు, కొన్నవి వాడతారు.

చదివే ముందు రెండు పుస్తకాలు ముందు పెట్టి ‘ఏది?’ అని అడగండి. నాలుగు పెడితే చూపు చెదిరిపోతుంది, రెండే చాలు. తాము ఎంచుకున్న పుస్తకానికి కాస్త ఎక్కువసేపు కూర్చుంటారు.

మధ్యలో లేచి వెళ్లిపోతే పుస్తకం నచ్చలేదని తీర్పు చెప్పేయకండి. ఆడుకుంటూ కూడా వింటారు, మీరు ఆపితే వెనక్కి తిరిగి చూస్తారు. అలా చూడకపోతే మూసేయండి, దాన్ని రెండు నెలలు కనబడకుండా పెట్టి మళ్లీ తీయండి. ఈ వయసులో రెండు నెలలంటే చాలా దూరం. అప్పుడు విసిరికొట్టిన పుస్తకాన్నే ఇప్పుడు చంకలో పెట్టుకుని తిరగొచ్చు.

7. చదువుతూ పరీక్షించండి

పుస్తకం మంచిదో కాదో చివరికి చదివేటప్పుడే తేలుతుంది. పరిశోధకుడు గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు 1988లో అచ్చు వేసిన అధ్యయనం చిన్నపిల్లలకు చదివే తీరు మీద తర్వాత చాలా పనికి దారి వేసింది. అందులోని సంగతి తేలికైనదే: పెద్దవాళ్లు చదువుకుంటూ పోకుండా, పిల్లల చేత మాట్లాడించాలి. బొమ్మ చూపించి అడగాలి. బదులు కోసం ఆగాలి. ‘బండి’ అంటే ‘అవును, పెద్ద పసుపు బండి, మట్టి తవ్వుతోంది’ అని ఆ మాటనే కాస్త పెంచి తిరిగి ఇవ్వాలి. ఆగడమే కష్టం. లోపల నెమ్మదిగా అయిదు లెక్కపెట్టండి, మాట కాకపోతే వేలైనా లేస్తుంది.

ఇలా చేయడానికి ఒక పుస్తకంలో ప్రతి పేజీలో చోటు దొరికితే అది ఉంచుకోవలసింది. అడగడానికే ఏమీ తోచడం లేదు, వచనం మాత్రం గడగడా సాగిపోతోంది అంటే ఇంకో ఏడాది ఆగవలసింది. అసలు మాటలే లేని బొమ్మల పుస్తకం ఒకటి ఇంట్లో ఉంటే ఈ పద్ధతి మీకు అలవాటవుతుంది, చదవడం రాని అవ్వాతాతలకూ పనికొస్తుంది.

8. కొన్నే ఉంచండి, పదేపదే చదవండి

ఒకే పుస్తకాన్ని మళ్లీ మళ్లీ అడుగుతున్నారని విసుక్కుని కొత్తవి కొనకండి. 2011లో మూడేళ్ల పిల్లల మీద చేసిన ఒక ప్రయోగంలో, వేర్వేరు కథల్లో వచ్చిన కొత్త మాటలకన్నా అదే కథను పదేపదే విన్నప్పుడు వచ్చిన కొత్త మాటలు బాగా పట్టుబడ్డాయి. మొదటిసారి ఏం జరుగుతుందోనన్న ఆత్రం ఉంటుంది. అది తీరాకే మాటల మీదికి ధ్యాస మళ్లుతుంది.

కాబట్టి మీకు కూడా విసుగు పుట్టించని పుస్తకమే తీసుకోవాలని మరోసారి చెప్పడం తప్పడం లేదు. ముప్పయ్యోసారి కూడా మీ గొంతులో ఆట మిగిలి ఉండాలి. అయిదారు పుస్తకాలను వాళ్ల చేతికందే ఎత్తులో, అట్ట ముందుకు కనిపించేలా పెట్టండి. వెన్ను మాత్రమే కనిపిస్తే వాళ్లకు అది పుస్తకంగా తెలియదు. రెండు మూడు వారాలకోసారి ఒకటి రెండు మార్చండి, వాళ్లు పట్టుబట్టేదాన్ని మాత్రం కదపొద్దు.

తర్వాతి మెట్టు ఎప్పుడెక్కాలో వాళ్లే చెబుతారు. అలసిపోయి మీరు ఒక వాక్యం దాటేస్తే ‘అది చదవలేదు’ అని పట్టుకుంటారు. పేజీ తిప్పకముందే ఏమవుతుందో చెప్పేస్తారు. ‘ఎందుకు?’ అని అడగడం మొదలవుతుంది. అప్పుడు పేజీకి రెండు మూడు వాక్యాలుండి, పాత్రలు ఒకరితో ఒకరు మాట్లాడుకునే పుస్తకం ఒకటి తెచ్చి, పాతవాటిని తీసేయకుండా వాటి పక్కనే పెట్టండి.